ఉద్యోగం మానకుండా కళను కొనసాగించడం: అడుగడుగునా మార్గదర్శి

ఉద్యోగం చేస్తూ నవల రాయాలన్నా, బొమ్మలు వేయాలన్నా, పాటలు కట్టాలన్నా అందరూ మొదట చెప్పేది టైమ్ లేదనే. టైమ్ తక్కువే, ఒప్పుకుంటాం. కానీ దొరికిన గంట కూడా ఎందుకు చేజారుతోందో చూస్తే కారణం వేరే చోట కనిపిస్తుంది. మూడు రోజుల తర్వాత పని ముందు కూర్చుంటారు. ఎక్కడ ఆపారో గుర్తు రాదు. పాత పేజీలు తిరగేస్తారు, ఫైలు వెతుకుతారు, బ్రష్షులు కడుగుతారు. అప్పటికే ముప్పావుగంట అయిపోతుంది.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక్క లక్ష్యం చుట్టూ తిరుగుతుంది. ఆపిన పనిని మళ్లీ అందుకోవడానికి మీకు 5 నిమిషాలకు మించి పట్టకూడదు. అది కుదిరితే రోజుకి 45 నిమిషాలతోనే పెద్ద పనులు పూర్తవుతాయి. అది కుదరకపోతే సెలవు పెట్టి కూర్చున్నా ముందుకు కదలవు.

## 1. ముందుగా ఏడు రోజుల లెక్క రాయండి

టైమ్‌టేబుల్ వేసుకునే ముందు ఒక వారం ఏమీ మార్చకుండా, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. చిన్న నోటుపుస్తకం చాలు. రెండు గంటలకోసారి రెండే రెండు విషయాలు రాయండి: ఏం చేశారు, ఒంట్లో ఓపిక ఎంత ఉంది. ఓపికకి 1 నుంచి 5 దాకా అంకె వేయండి.

వారానికి 168 గంటలు. రోజుకి ఏడున్నర చొప్పున నిద్రకి 52.5, ఉద్యోగానికి 45, రాకపోకలకు 10 తీసేస్తే 60 పైచిలుకు మిగులుతాయి. వంట, పిల్లలు, పెద్దవాళ్లు, బట్టలు, బ్యాంకు పనులు అన్నీ ఆ అరవైలోంచే పోతాయి. వాటిలోంచి మీకు కావలసింది వారానికి 4 నుంచి 6 గంటలు.

లెక్క చూసేటప్పుడు చాలామంది ఖాళీ గంటల కోసం వెతుకుతారు. మీరు ఓపిక అంకె 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న గంటల కోసం వెతకండి. రాత్రి పది నుంచి పదకొండు దాకా రోజూ ఖాళీయే ఉండొచ్చు. అక్కడ అంకె 1 ఉంటే ఆ గంట మీది కానట్టే.

నిద్రలోంచి మాత్రం కోయకండి. వారం రెండు వారాలు లాగుతారు. తర్వాత రాసింది బాగుందో లేదో తేల్చుకునే శక్తే పోతుంది, ఉద్యోగంలోనూ పొరపాట్లు మొదలవుతాయి.

## 2. ఒక్క పనిని ఎంచుకోండి, దాని చివర ఎలా ఉంటుందో రాయండి

కథల సంపుటి, గిటారు, యూట్యూబ్ ఛానెల్ ఒకేసారి నడపాలనుకుంటే మూడూ సగంలో ఆగుతాయి. ఆరు నెలలకి ఒక్క పని చాలు. మిగతావాటికి ఒక కాగితం పెట్టుకుని ఆలోచన వచ్చినప్పుడల్లా రాసి పడేయండి. అవి ఎక్కడికీ పోవు.

ఎంచుకున్న పనికి ముగింపు ఎలా ఉంటుందో ఒక వాక్యంలో రాయండి. "బాగా రాయడం నేర్చుకోవాలి" అనే వాక్యానికి చివర లేదు. "ఒక్కొక్కటి 2,500 మాటలలోపు, ఎనిమిది కథలు, తిరగరాత అయిపోయినవి" అంటే చివర ఉంది. "12 నీటిరంగుల బొమ్మలు, ఒకే కొలతలో", "5 పాటలు, ఇంట్లో రికార్డు చేసి మిక్సింగ్ పూర్తయినవి" కూడా అలాంటివే.

తర్వాత లెక్క కట్టండి. రోజుకి 300 మాటలు, వారానికి 5 రోజులు, ఏడాదిలో 50 వారాలు అనుకుంటే 75,000 మాటలు. అది ఒక నవల చిత్తుప్రతి. తిరగరాతకి కనీసం అంత టైమే మళ్లీ కేటాయించండి. ఈ రెండో సగాన్ని లెక్కలో వేసుకోకపోవడం వల్లే ఏడాది చివర నిరాశపడేవాళ్లు ఎక్కువ.

## 3. మీ వేళను ఉద్యోగాన్ని బట్టి ఎంచుకోండి

ఉదయమా, రాత్రా అన్నదానికి అందరికీ సరిపడే జవాబు లేదు. మీ ఉద్యోగం మీలో దేన్ని ఖర్చు చేస్తోందో చూడండి.

రోజంతా మాటలతో పని చేసేవాళ్లు (పాఠాలు చెప్పేవాళ్లు, విలేకరులు, కాల్ సెంటర్లలో ఉండేవాళ్లు, రోజూ ఈమెయిళ్లు రాసేవాళ్లు): సాయంత్రానికి మీ దగ్గర మాటలు మిగలవు. కథ, కవిత, పాట సాహిత్యం ఏదైనా ఆఫీసుకి ముందే చేయాలి. చేతులతో చేసే కళ అయితే సాయంత్రం హాయిగా సాగుతుంది.

ఒంటితో కష్టపడేవాళ్లు, రోజంతా నిలబడేవాళ్లు: ఇంటికి రాగానే కూర్చుంటే కునుకు వస్తుంది. 20 నిమిషాలు పడుకుని, స్నానం చేసి, అప్పుడు కూర్చోండి.

షిఫ్టులు మారేవాళ్లు: గడియారం చూసి వేళ పెట్టుకుంటే ప్రతి వారం చెడుతుంది. "లేచిన గంట తర్వాత" అని పెట్టుకోండి. ఏ షిఫ్టు పడినా అది మారదు.

ఇంటి నుంచి పని చేసేవాళ్లు: ఆఫీసు పనికీ మీ పనికీ మధ్య ఒక గీత కావాలి. లాప్‌టాప్ మూసి, బయట 10 నిమిషాలు నడిచి, వేరే కుర్చీలో కూర్చోండి. అదే కుర్చీలో కూర్చుంటే చెయ్యి దానంతటదే ఆఫీసు మెయిల్ తెరుస్తుంది.

19వ శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రొలోప్ తపాలా శాఖలో 1834 నుంచి 1867 దాకా ఉద్యోగం చేశాడు. ఉదయం 5:30కి బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటలు రాసేవాడని ఆయన ఆత్మకథలో ఉంది. ఆ అంకెను పట్టుకుని చాలామంది బెదిరిపోతారు. మనం తీసుకోవలసింది అందులోనే ఉన్న మరో వివరం. ఆయన మొదటి అరగంట కొత్తగా ఏమీ రాయకుండా, ముందురోజు రాసింది చదివి దాని నడక చెవికి ఎలా ఉందో చూసుకునేవాడు. తెగిన తీగని మళ్లీ ముడివేశాకే కలం కదిలేది.

ఇంకో మాట. సాయంత్రం పని పెట్టుకున్నవాళ్లు టీ, కాఫీలతో నెట్టుకొస్తుంటారు. శరీరంలో చేరిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 8కి తాగింది అర్ధరాత్రి దాటినా మిమ్మల్ని వదలదు, మర్నాడు పనికి కూర్చోవడం చెడుతుంది.

## 4. సామాను ఎప్పుడూ పరిచి ఉంచండి

తీసి, సర్ది, మళ్లీ లోపల పెట్టే పని ఎంత ఉంటే, కూర్చోవడం అంత అరుదవుతుంది. గది అక్కర్లేదు. ఒక మూల, ఒక ట్రే, ఒక డబ్బా చాలు.

- రాసేవాళ్లు: కంప్యూటర్ తెరవగానే ఆ ఒక్క ఫైలే కనబడాలి. వీలైతే వేరే యూజర్ అకౌంట్ పెట్టుకోండి. దాంట్లో మెయిల్, మెసేజ్‌లు ఉండకూడదు.
- వాద్యం వాయించేవాళ్లు: వాద్యం పెట్టెలో ఉంటే రోజులు గడిచిపోతాయి. స్టాండు మీద, చేతికి అందేలా ఉంచండి. ఎండ తగిలే చోటు మాత్రం వద్దు.
- బొమ్మలు వేసేవాళ్లు: కాసేపే కూర్చుని వేసేవాళ్లకు నీటిరంగులు బాగా ఒదుగుతాయి, ప్యాలెట్ మీద ఎండిన రంగు తడి తగలగానే మళ్లీ కరుగుతుంది. అక్రిలిక్ నిమిషాల్లో ఎండుతుంది. మూత ఉన్న డబ్బాలో తడి స్పాంజి పరిచి, దాని మీద బేకింగ్ కాగితం వేసి రంగులు కలుపుకుంటే మర్నాటికీ పనికొస్తాయి. తైలవర్ణాల పొర ఎండడానికి రోజులు పడుతుంది కాబట్టి రెండు మూడు బొమ్మలు పక్కపక్కన నడపండి. ఒకటి ఎండుతుంటే ఇంకొకటి సాగుతుంది.
- ఫోన్ పక్క గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి బల్ల మీద ఉంచితే చూపు అటే పోతుంది. అలారం కోసం వంటింటి టైమరు గానీ పాత గడియారం గానీ వాడండి.

కంప్యూటర్‌లో పని చేసేవాళ్లు ఒకటి తప్పక పాటించండి: ప్రతి ఫైలుకి మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట. క్లౌడ్‌లో ఉన్నది బయటి ప్రతి కింద లెక్క. రెండేళ్ల పని ఒక్క హార్డ్ డిస్క్‌లో ఉంచుకుని నిద్రపోకండి, దయచేసి.

## 5. 45 నిమిషాల కూర్చోడం, నిమిషాల లెక్కన

0–5: అందుకోవడం. నిన్న వదిలిన చీటీ చదవండి (దాని సంగతి కిందనే ఉంది). చివరి పేరా ఒక్కటే పైకి చదవండి, లేదా పాట అయితే చివరి ముక్క మాత్రమే వినండి. మొదటి పేజీకి వెళ్లకండి. వెళ్తే దిద్దడం మొదలవుతుంది, మొదటి అధ్యాయం నలభైసార్లు దిద్దుతారు, రెండోది పుట్టదు.

5–35: కొత్త పని. ఈ అరగంటలో దిద్దడం, వెతకడం, కొలవడం ఏదీ వద్దు. ఒక పేరో, ఒక తేదీయో తెలియకపోతే అక్కడ రెండు నక్షత్రాలు పెట్టి ముందుకెళ్లండి. ఇంటర్నెట్‌లో ఒక్క విషయం చూద్దామని వెళ్లి తిరిగొచ్చేసరికి అరగంట పోతుంది. సంగీత సాధన అయితే ఈ 30 నిమిషాలను మూడు పదులుగా చేయండి: తప్పుతున్న చోటుని మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి నెమ్మదిగా 10, దాని ముందూ వెనకా కలిపి 10, మొత్తం ఒకసారి ఆగకుండా 10. ఉదయం పాడేవాళ్లు వెంటనే పైస్థాయికి పోకూడదు. 5 నుంచి 10 నిమిషాలు నోరు మూసి హమ్ చేస్తూ కింది స్వరాల్లో గొంతుని లేపండి.

35–40: చిన్న దిద్దుబాట్లు. నక్షత్రాలు పెట్టిన చోట్ల జాబితా రాయండి. ఫైలు సేవ్ చేయండి. బ్రష్షులు కడగండి.

40–45: రేపటికి చీటీ. ఈ మార్గదర్శిలో ఒక్కటే పాటిస్తాం అనుకుంటే ఇది పాటించండి. అలిసిపోయి లేవబోయే ముందు, ఇంకా విషయం తలలో వేడిగా ఉండగానే, చేత్తో మూడు వాక్యాలు రాయాలి: ఎక్కడ ఉన్నాను, తర్వాత ఏం జరగాలి, మొదట చెయ్యి దేని మీద పెట్టాలి.

కథ రాసేవాళ్ల చీటీ ఇలా ఉంటుంది:

"ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ఉత్తరం చేతిలో ఉంది, విప్పలేదు. అన్నకి విషయం తెలుసని పాఠకుడికి తెలియాలి, ఆమెకి తెలియకూడదు. రేపు మొదటి వాక్యం అన్న చెప్పులు విడిచే చప్పుడుతో."

బొమ్మ వేసేవాళ్లది:

"ఎడమ చెంప నీడ ఎండింది, ముట్టుకోవద్దు. మెడ రంగు ఇంకా చల్లగా కనిపిస్తోంది, పలచటి వెచ్చటి రంగు పొర ఒకటి కావాలి. ఆ రంగు కలిపి చిన్న డబ్బాలో మూత పెట్టాను. రేపు మెడతో మొదలు."

చూడండి, ఈ చీటీల్లో "అధ్యాయం 4 కొనసాగించాలి" అని లేదు. అలా రాస్తే రేపు మళ్లీ ఆలోచించాలి. చెప్పుల చప్పుడు అని రాసి ఉంటే కూర్చోగానే రాసేయొచ్చు. వీలైతే దృశ్యం పూర్తిచేసి ఆపకండి, తర్వాతి వాక్యం తెలిసినచోట ఆపండి. పూర్తిచేసిన తృప్తి ఆ రాత్రికి బాగుంటుంది, మర్నాడు మాత్రం ఖాళీ కాగితం ఎదురవుతుంది.

## 6. ఓపికను బట్టి పనుల జాబితా

ప్రతి రోజూ కొత్తది పుట్టదు. ఆఫీసులో ఆడిట్ ఉన్న రోజు, జ్వరం తగ్గిన మర్నాడు కూర్చోకూడదని కాదు, వేరే పని పెట్టుకోవాలి. అందుకే ముందే రెండు జాబితాలు సిద్ధంగా ఉంచండి.

ఓపిక 3–5 ఉన్నప్పుడు:
- కొత్త దృశ్యం, కొత్త బాణీ, బొమ్మ కూర్పు
- కష్టమైన తిరగరాత

ఓపిక 1–2 ఉన్నప్పుడు, 15 నిమిషాలు:
- నక్షత్రాల జాబితాలోంచి ఒక వివరం వెతకడం
- అచ్చుతప్పులు దిద్దడం, ఫైళ్ల పేర్లు సర్దడం
- నీటిరంగుల కాగితం కోసి, తడిపి బోర్డుకి బిగించి ఉంచడం, వాద్యం తీగలు మార్చడం
- నిన్నటి రికార్డింగ్ వింటూ తప్పిన చోట్ల నిమిషం, సెకను రాసుకోవడం

15 నిమిషాల కంటే చిన్నది ఇంకొకటి ఉంది: పని ముందుకొచ్చి పాత చీటీ చదివి, అవసరమైతే ఒక వాక్యం కలపడం. రెండు నిమిషాల పని. దాంతో ఆ విషయం తలలోంచి జారిపోదు. స్నానం చేస్తున్నప్పుడో బస్సులోనో అదే నలుగుతూ ఉంటుంది.

## 7. ఉద్యోగ ఒప్పందం చదవండి

ఇది చదవకుండా ఏదీ అమ్మకండి, ప్రచురించకండి. నియామక పత్రంలో, ఉద్యోగ నియమావళిలో ఈ నాలుగు చూడండి.

- బయటి పనికి ముందస్తు అనుమతి కావాలా? డబ్బు రాని పనికీ కావాలా?
- ఉద్యోగంలో ఉండగా మీరు సృష్టించినదాని హక్కులు ఎవరివి? "ఉద్యోగానికి సంబంధించినవి" అని ఉందా, "ఏదైనా" అని ఉందా? రెండో మాట ఉంటే సంతకానికి ముందే అడగాలి. ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే రాతపూర్వకంగా మినహాయింపు కోరండి.
- పోటీ సంస్థలకు పని చేయకూడదన్న షరతు మీ కళకి తగులుతుందా? డిజైనర్లకీ, రాతపని చేసేవాళ్లకీ ఇది తరచుగా తగులుతుంది.
- సంస్థ పేరు, అక్కడి మనుషులు, అక్కడి లోపలి విషయాలు బయట వాడడం గురించి ఏముంది?

అనుమతి నోటిమాటగా వస్తే ఆ రోజే మెయిల్ రాసి జవాబు తెప్పించుకోండి. మేనేజర్లు మారిపోతారు. ఆఫీసు లాప్‌టాప్, ఆఫీసు సాఫ్ట్‌వేర్, ఆఫీసు వేళ, ఈ మూడింటినీ మీ పనికి అస్సలు వాడకండి. హక్కుల తగాదా వస్తే మొదట అడిగేది అదే. డబ్బు రావడం మొదలైన రోజునుంచే రాబడికీ ఖర్చులకీ వేరే ఖాతా నడపండి, పన్ను లెక్కలో చూపించండి.

## 8. ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడండి

"నాకు కాస్త టైమ్ కావాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. రోజులు, గంటలు చెప్పండి: సోమ, బుధ, శుక్ర ఉదయం 5:45 నుంచి 6:30 దాకా, ఆదివారం రెండు గంటలు. ఆ టైమ్‌లో ఎలాంటి అవసరానికి పిలవొచ్చో కూడా చెప్పండి. బదులుగా వాళ్లకి ఏ గంటలు వదిలేస్తారో అప్పుడే మాట ఇవ్వండి. మీ గంట కోసం ఇంకొకళ్లు ఇంటిపని మోస్తుంటే ఆ ఏర్పాటు మూడు నెలలు కూడా నిలవదు, నిలవకూడదు కూడా.

చెప్పిన టైమ్‌కి లేచి రావడం ముఖ్యం. "ఇంకో పది నిమిషాలు" అని రెండుసార్లు అన్నాక ఆ తలుపుకి విలువ పోతుంది.

## 9. వారం చివర పావుగంట లెక్క

గోడ క్యాలెండర్‌లో కూర్చున్న రోజుకి ఒక గీత. ఎంత రాశారన్నది పక్కన చిన్న అంకె. ఆదివారం మూడు ప్రశ్నలకి జవాబు రాయండి: ఎన్నిసార్లు కూర్చున్నాను, కూర్చోనివి ఎందుకు తప్పాయి, వచ్చే వారం ఏ రోజు కష్టం.

వారానికి 5 అనుకుని 4 కూర్చుంటే బాగానే సాగుతోంది. వరసగా మూడు వారాలు 2 దాటకపోతే లక్ష్యాన్నే 3కి దించండి. దించడానికి సిగ్గుపడకండి. పాత అంకె గోడ మీద ఉన్నంతకాలం ప్రతి వారం ఓడినట్టే ఉంటుంది, ఓడిపోతున్న చోటికి మనిషి మళ్లీ వెళ్లడు.

రెండు వారాలో, రెండు నెలలో పూర్తిగా ఆగిపోతే ఇలా తిరిగి ఎక్కండి:

1. మొదటి రోజు చివరి చీటీ, చివరి రెండు పేజీలు చదవండి. ఏమీ రాయకండి.
2. రెండో రోజు కథ ఎక్కడిదాకా వచ్చిందో పది వాక్యాల్లో రాయండి.
3. మూడో రోజు 15 నిమిషాలు, ఓపిక తక్కువ జాబితాలోంచి ఒక పని.
4. నాలుగో రోజు మామూలు కూర్చోడం. పోయిన రోజుల బాకీ తీర్చాలని ఒకేరోజు నాలుగు గంటలు కూర్చోకండి. మర్నాడు లేవలేరు, మళ్లీ ఆగుతుంది.

## 10. తరచుగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

సెలవుల కోసం ఆగడం. అలవాటు లేకుండా వచ్చిన ఖాళీ వారం సర్దుకోడానికే సరిపోతుంది. రోజువారీ కూర్చోడం నడుస్తుండగా సెలవు పెడితే మాత్రం బంగారం. తిరగరాత, రికార్డింగ్, పెద్ద బొమ్మ లాంటివి ఆ రోజుల్లో పెట్టుకోండి.

సామాను కొనడం. పాత మైకుతో ఐదు పాటలు పూర్తిచేశాక కొత్త మైకు ఏది కావాలో మీకే తెలుస్తుంది. అంతవరకూ కొనకండి.

పూర్తికాకముందే అందరికీ చెప్పడం. మెచ్చుకోలు ముందే వచ్చేస్తే పని చేయాలన్న ఆరాటం చల్లారుతుంది. మొదటి చిత్తుప్రతి అయ్యేదాకా ఒకరికో ఇద్దరికో మించి చూపించకండి. వాళ్లని కూడా "ఎలా ఉంది" అని అడగొద్దు. "ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ అర్థం కాలేదు" అని అడగండి.

ఉద్యోగాన్ని శత్రువుగా చూడడం. అద్దె కట్టేది అదే. అమ్ముడుపోవాలన్న భయం లేకుండా మీకు నచ్చింది రాసే వీలు ఇస్తున్నదీ అదే. ఆ స్వేచ్ఛని వాడుకోండి, అడిగినవాళ్లకల్లా ఉచితంగా చేసిపెట్టడానికి ఖర్చు చేయకండి.

తొందరపడి రాజీనామా. కళ నుంచి వచ్చే రాబడి వరసగా 12 నెలలు ఇంటి ఖర్చులో కనీసం సగమైనా మోయాలి. ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు చేతిలో ఉండాలి. అప్పులు, ఆరోగ్య బీమా సంగతి తేలి ఉండాలి. ఇవి లేకపోతే ముందు అడిగి చూడాల్సింది వారానికి నాలుగు రోజుల పని, జీతం లేని సెలవు, లేదా తక్కువ బాధ్యత ఉన్న హోదా. వీటిలో ఏది దొరికినా మూడు నెలలు నడిపి, క్యాలెండర్‌లో గీతలు పెరిగాయో లేదో లెక్కపెట్టండి. అదనంగా టైమ్ దొరికినా గీతలు పెరగకపోతే, ఇబ్బంది టైమ్ దగ్గర లేదు. మళ్లీ 5వ అడుగు దగ్గరికి వెళ్లి చీటీ సరిగ్గా రాస్తున్నారో లేదో చూడండి.

## రేపు ఉదయానికి సిద్ధమా

- ఏడు రోజుల లెక్క పూర్తయింది, ఓపిక 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న గంటలు గుర్తించాను
- ఒక్క పని, దాని ముగింపు వాక్యం గోడ మీద ఉంది
- ఇంట్లో రోజులు, గంటలు చెప్పాను
- సామాను పరిచి ఉంది, ఫోన్‌కి వేరే గదిలో చోటు చూశాను
- మూడు ప్రతులు తీశాను
- ఓపిక తక్కువ రోజుల జాబితాలో కనీసం ఐదు పనులున్నాయి
- మొదటి చీటీ రాసి బల్ల మీద పెట్టాను